రాత్రి మాత్ర చేసే రెండో పని

ఈ ఉత్తరం పలాస దగ్గరి ఒక గ్రామం నుంచి వచ్చింది. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి, అవసరమైనంత మేరకు ఇస్తున్నాను.

"డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 36. జీడిపప్పు పరిశ్రమలో పప్పు మీద పొట్టు తీసే పని చేస్తాను. మా ఆయన హైదరాబాద్‌లో భవనాల పనికి వెళ్ళేవారు. కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి తొమ్మిదేళ్ళ క్రితం చనిపోయారు. ఆ తర్వాతే నాకు హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. ఎనిమిదేళ్ళుగా ఏఆర్‌టీ కేంద్రం నుంచి హెచ్‌ఐవీ మందులు తెచ్చుకుని మానకుండా వాడుతున్నాను. మొన్న రక్తపరీక్షలో హెపటైటిస్‌ బి కూడా ఉందన్నారు. ఒంట్లో నాకేం తేడా తెలియడం లేదు. మా అమ్మ పసరు మందు మింగించాలని పట్టుబడుతోంది. ఇరవై ఒక్క రోజులు చప్పిడి పత్యం చేయాలట, ఆ రోజుల్లో ఇంగ్లీషు మందులేవీ ముట్టకూడదట. వదిన నా కంచం, గ్లాసు వేరుచేసింది. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీలు పోయినవారిని రోజూ చూస్తున్నాం. నేను వేసుకునే మాత్ర కూడా కిడ్నీలను పాడుచేస్తుందని తోటి పనివాళ్ళు అంటున్నారు. నాకు పద్నాలుగేళ్ళ కూతురు ఉంది, తనకు హెచ్‌ఐవీ లేదు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఎంతమందికి ఈ కామెర్లు కూడా ఉంటాయి? నా ఒక్కదానికేనా? చేపలు తినవచ్చా?"

అమ్మా, మీరు అడిగిన వరుసలో కాకుండా నాకు తొందరగా తోచిన వరుసలో జవాబు చెబుతాను. ఈ రాత్రి మీ మాత్ర వేసుకోండి. రేపు కూడా వేసుకోండి. మీ అమ్మగారితో వాదన తేలేదాకా కూడా వేసుకుంటూనే ఉండండి.

ఎందుకంటే ఆ ఒక్క మాత్రలో మూడు మందులు ఉంటాయి. ఇప్పుడు ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎక్కువమందికి ఇస్తున్నది టెనోఫోవిర్‌, లామివుడిన్‌, డోలుటెగ్రావిర్‌ కలిపిన మాత్ర. సీసా మీద ఈ మూడు పేర్లు ఉన్నాయేమో మీ అమ్మాయిచేత చదివించండి. ఈ మూడింట్లో మొదటి రెండూ హెచ్‌ఐవీతో పాటు, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్‌ బి వైరస్‌ను కూడా అణచి ఉంచుతాయి. ముఖ్యంగా టెనోఫోవిర్‌. హెచ్‌ఐవీ లేకుండా హెపటైటిస్‌ బి మాత్రమే ఉన్నవారికి డాక్టర్లు రాసే ప్రధానమైన మందుల్లో ఇదొకటి. అంటే మీకు రెండో జబ్బు ఉందని మొన్న తెలిసింది కానీ, దానికి వైద్యం మీకు తెలియకుండానే ఏళ్ళ క్రితం మొదలై ఉండవచ్చు. ఒంట్లో తేడా తెలియడం లేదని రాశారే, దానికి ఈ మాత్ర కూడా ఒక కారణం కావచ్చు.

అణచి ఉంచుతుంది అన్నాను, చంపుతుంది అనలేదు. హెపటైటిస్‌ బి వైరస్‌ కాలేయ కణాల లోపల నక్కి ఉంటుంది. మందు ఉన్నంతకాలం తల ఎత్తదు. మందు ఒక్కసారిగా ఆగితే కొందరిలో వారాల్లో, కొందరిలో నెలల్లో విజృంభిస్తుంది. అప్పుడు మన శరీరమే వైరస్‌ చేరిన కాలేయ కణాల మీద పడి వాటిని నాశనం చేస్తుంది. కళ్ళు పచ్చబడతాయి, అన్నం సహించదు, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. మరోపక్క హెచ్‌ఐవీ కూడా రక్తంలో మళ్ళీ పెరుగుతుంది. ఇరవై ఒక్క రోజుల పత్యంలో ఆకుపసరు ఏం చేస్తుందో పక్కన పెట్టండి, ఆ ఇరవై ఒక్క రోజులు మాత్ర ఆగడమే అసలు ప్రమాదం. కామెర్లు తగ్గడానికి మందు మానేసి, ఆ మానడం వల్లే కామెర్లు తెచ్చుకున్నవారిని నేను చూశాను.

పసరు మీద మీ అమ్మగారికి ఉన్న నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. ఆ నమ్మకానికి కంటి ముందు రుజువులు ఉన్నాయి. మన జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా ఫలానా ఊళ్ళో ఫలానా ఆయన ఇచ్చే పసరుతో వారంలో కళ్ళు తెల్లబడ్డాయని చెప్పేవారు కనీసం పదిమంది దొరుకుతారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. అయితే కామెర్లు అనేది ఒక జబ్బు పేరు కాదమ్మా, చాలా జబ్బుల్లో కనిపించే లక్షణం. కలుషితమైన నీటి వల్ల, ఆహారం వల్ల వచ్చే హెపటైటిస్‌ ఎ, హెపటైటిస్‌ ఇ అనేవి రెండు ఉన్నాయి. వర్షాకాలంలో ఊళ్ళో నలుగురైదుగురు పిల్లలకు ఒకేసారి కళ్ళు పచ్చబడితే చాలావరకు ఇవే. ఈ రెండూ ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. గర్భిణులకు హెపటైటిస్‌ ఇ వస్తే మాత్రం చాలా ప్రమాదం, అది వేరే సంగతి. తగ్గబోయే వారంలో పసరు మింగితే పేరు పసరుకే వస్తుంది. ముంజేతి మీద వాత పెట్టించుకుంటే ఆ పేరు వాతకు వస్తుంది. బి, సి రకాలు అలాంటివి కావు. అవి రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు చేరతాయి, చాలామందిలో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. కళ్ళు పచ్చబడకుండానే కాలేయాన్ని గట్టిపరుస్తాయి. మీ కళ్ళు ఇప్పుడు తెల్లగానే ఉన్నాయి. మరి పసరు దేన్ని తగ్గించాలి? ఈ ప్రశ్న మీ అమ్మగారిని మెల్లగా అడగండి. అదీగాక, ఆ ముద్దలో ఏ ఆకులు నూరారో ఇచ్చేవాళ్ళు చెప్పరు. కొన్ని ఆకుమందులు కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. మీకు ఆ రెండూ జాగ్రత్తగా కాపాడుకోవలసినవే.

ఇక మీరు అడిగిన లెక్క. మీ ఒక్కరికే కాదమ్మా.

ప్రపంచం మొత్తం మీద హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో దాదాపు 27 లక్షల మందికి హెపటైటిస్‌ బి, 23 లక్షల మందికి హెపటైటిస్‌ సి కూడా ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతున్న అంచనా. నూటికి ఏడుగురికి బి, ఆరుగురికి సి అన్నమాట. ఇంతమందికి రెండూ కలిసి ఉండడం వింత కాదు. హెచ్‌ఐవీ ఏ దారుల్లో వస్తుందో బి, సి కూడా ఇంచుమించు అవే దారుల్లో వస్తాయి. అందులోనూ బి వైరస్‌కు హెచ్‌ఐవీ కంటే చాలా తేలికగా అంటుకునే గుణం ఉంది. శరీరం బయట పడిన రక్తంలో అది కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది.

అయితే ఈ సగటును మన ఊరికి ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు. మీ పరిశ్రమలో జీడిపిక్కల సరుకు కొనేటప్పుడు పై బస్తా చూసి ధర కట్టరు కదా. నాలుగైదు బస్తాల్లోంచి పిడికెడు చొప్పున తీసి, కోసి చూస్తారు. ఈ అంకెలూ అంతే, ఏ బస్తాలో చెయ్యి పెట్టారన్నదాన్ని బట్టి మారిపోతాయి. సూదులతో మాదకద్రవ్యాలు ఎక్కించుకునే అలవాటు ఉండి, హెచ్‌ఐవీ కూడా ఉన్నవారిని పరీక్షిస్తే నూటికి ఎనభై మందికి పైగా హెపటైటిస్‌ సి సోకిన ఆనవాళ్ళు కనిపించాయి. మణిపూర్‌, మిజోరం, నాగాలాండ్‌, పంజాబ్‌లలో ఈ సమస్య పెద్దది. మన ఉత్తరాంధ్రలో హెచ్‌ఐవీ ఎక్కువగా వ్యాపించింది లైంగిక సంబంధాల ద్వారా, అందువల్ల ఇక్కడ సి అంత విస్తారంగా ఉండదు. బి సంగతి మళ్ళీ వేరు. ఆసియా, ఆఫ్రికా దేశాల్లో చాలామందికి అది పుట్టుకతోనో పసితనంలోనో వస్తుంది. పసికందుకు సోకితే పదింట తొమ్మిది సార్లు జీవితాంతం ఉండిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి సోకితే నూటికి తొంభై ఐదుమంది దాన్ని వదిలించుకుంటారు. హెచ్‌ఐవీ ఉన్న పెద్దవారు మాత్రం అంత తేలికగా వదిలించుకోలేరు. కాబట్టి మన దగ్గర రెండూ ఉన్నవారిలో చాలామందికి బి ముందు వచ్చి, హెచ్‌ఐవీ తరువాత వచ్చి ఉంటుంది.

భారతదేశంలో 2022 నాటికి దాదాపు 2 కోట్ల 98 లక్షల మందికి హెపటైటిస్‌ బి, 55 లక్షల మందికి హెపటైటిస్‌ సి ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2021 జాతీయ అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీతో ఉన్నవారు 3 లక్షల 20 వేలకు పైనే. వారిలో నూటికి ఏడుగురు కాదు, ముగ్గురికే బి ఉందనుకుందాం. అప్పటికీ మన రాష్ట్రంలోనే మీలాంటివారు తొమ్మిది వేలకు పైగా తేలతారు. ఏఆర్‌టీ కేంద్రం దగ్గర మీతో పాటు బల్ల మీద కూర్చుని పిలుపు కోసం ఎదురుచూసేవారిలో ఒకరిద్దరైనా ఉండే ఉంటారు. వాళ్ళూ మీలాగే నా ఒక్కరికేనా అనుకుంటూ ఉంటారు.

ఈ బి మీకు ఎక్కడి నుంచి వచ్చిందని మీరు నేరుగా అడగలేదు. కానీ మీ ఆయన కళ్ళు పచ్చబడి పోయారని రాసినప్పుడే ఆ ప్రశ్న ఉత్తరంలోకి వచ్చేసింది. ఆయనకు ఉన్నది ఇదే కావచ్చు, మద్యం కావచ్చు, రెండూ కావచ్చు. మీకే చిన్నప్పుడు సోకి ఉండవచ్చు కూడా. ఇప్పుడు తేల్చే మార్గం లేదు, తేల్చినా మీ వైద్యంలో ఒక్క మాత్ర కూడా మారదు. అందుకే దాన్ని తవ్వవద్దంటాను.

మూత్రపిండాల గురించి తోటి పనివాళ్ళు చెప్పింది కొట్టిపారేయదగ్గది కాదు. ఉద్దానంలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇన్ని ఇళ్ళలో కిడ్నీ జబ్బు ఎందుకుందో ఇన్నేళ్ళ పరిశోధన తరువాత కూడా ఒక్క కారణమని తేలలేదు. అలాంటి చోట ఉన్న మనిషి టెనోఫోవిర్‌ వాడేటప్పుడు కొంచెం ఎక్కువ కళ్ళు తెరిచి ఉండాలి. ఆ మందు కొద్దిమందిలో మూత్రపిండాల మీద ప్రభావం చూపుతుంది. దానికి విరుగుడు మాత్ర మానడం కాదు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్‌ రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండడం. ఆరు నెలలకోసారి తప్పనిసరిగా చేయించుకోండి, మీ ఊరి పేరు చెప్పి అడగండి. ఉద్దానం అనగానే డాక్టర్లకు విషయం అర్థమవుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఇది కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎప్పుడైనా క్రియాటినిన్‌ పెరిగితే, హెచ్‌ఐవీ చూసే డాక్టరు టెనోఫోవిర్‌ తీసేసి అబాకవిర్‌ అనే మందు ఇవ్వాలనుకోవచ్చు. హెచ్‌ఐవీ వరకు అది మంచి నిర్ణయమే. కానీ అబాకవిర్‌ హెపటైటిస్‌ బి మీద పనిచేయదు. అప్పుడు బి వైరస్‌ను ఆపడానికి లామివుడిన్‌ ఒక్కటే మిగులుతుంది, దానికి ఆ వైరస్‌ కొన్నేళ్ళలో లొంగకుండా పోతుంది. కాబట్టి మందు మార్చే మాట వచ్చినప్పుడు, "నాకు హెపటైటిస్‌ బి కూడా ఉందండీ, దానికి ఏం ఇస్తారు?" అని మీరే నోరు విప్పి అడగాలి. మూత్రపిండాల మీద భారం తక్కువగా ఉండే మరో రకం టెనోఫోవిర్‌ ఉంది, ఎంటెకవిర్‌ అనే మందు ఉంది. దారులు లేకపోలేదు. రద్దీగా ఉన్న రోజున డాక్టరు పాత కాగితాలన్నీ తిరగేయకపోవచ్చు, అందుకే మిమ్మల్ని అడగమంటున్నాను.

మరొక సంగతి. రోజంతా కింద కూర్చుని పొట్టు తీస్తే నడుము, మోకాళ్ళు పట్టేస్తాయి. సాయంత్రం ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది, లేదా కిళ్ళీ కొట్లో దొరికే నొప్పి మాత్ర. నన్నడిగితే మీ మూత్రపిండాలకు ఏఆర్‌టీ మాత్ర కంటే ఆ సూదుల్లో, మాత్రల్లో ఉండే డైక్లోఫెనాక్‌ వల్లే ఎక్కువ భయం. టెనోఫోవిర్‌తో కలిస్తే మరీ చెరుపు. నొప్పి భరించలేకపోతే పారాసిటమాల్‌ వాడవచ్చు, అదీ ఎంతవరకు వాడవచ్చో మీ డాక్టరును అడిగి.

వదిన సంగతికి వస్తాను. కంచం, గ్లాసు, ఒకే కుండలో నీళ్ళు, పక్కన పడుకోవడం, దగ్గు, తుమ్ము, వీటి వల్ల హెపటైటిస్‌ బి రాదు, హెచ్‌ఐవీ రాదు. వేరు పెట్టవలసినవి ఇంట్లో ఎవరికీ తట్టనివి: గోళ్ళు తీసే కత్తెర, బ్లేడు, పళ్ళు తోముకునే బ్రష్‌, చెవిపోగులు. పిక్కల జిడ్డు తగిలి మీ వేళ్ళు కాలి, తెగి ఉంటే గుడ్డ కట్టి ఉంచండి. రక్తం ఎక్కడైనా పడితే బ్లీచింగ్‌ కలిపిన నీళ్ళతో తుడవండి.

వదిన భయానికి మాటల కంటే టీకా బాగా పనిచేస్తుంది. మీ అమ్మాయి, అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ళ పిల్లలు అందరూ హెపటైటిస్‌ బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష చేయించుకోవాలి. సోకనివారు మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు మూడు మోతాదులు టీకా వేయించుకోవాలి. ఈ టీకా ఒకప్పుడు డబ్బున్నవారి మాట. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్‌ 1997లో దీన్ని మన దేశంలోనే తయారుచేసి తెచ్చాక ధర దిగివచ్చింది. మీ అమ్మాయికి చిన్నప్పుడు పడి ఉండవచ్చు, టీకాల కార్డు వెతకండి. కార్డు ఉన్నా సరే, పరీక్ష మాత్రం చేయించండి. హెచ్‌ఐవీ లేదంటే ఇదీ ఉండదని అనుకోవద్దు, తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ కంటే బి ఎక్కువ తేలికగా చేరుతుంది.

వదినకు మీ హెచ్‌ఐవీ సంగతి తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే దీనికోసం చెప్పనక్కరలేదు. "నాకు హెపటైటిస్‌ బి ఉంది, ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలన్నారు" అంటే చాలు, అది పూర్తి నిజమే. మీ హెచ్‌ఐవీ సంగతిని మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది. సందేహాలుంటే 1097కి ఫోన్‌ చేయండి, డబ్బులు పడవు, పేరు చెప్పనక్కరలేదు.

మీరు చేయించుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. హెపటైటిస్‌ సి పరీక్ష ఒకసారి చేయించండి. అది ఉన్నా బెంగ వద్దు, బి లాగా కాకుండా అది పన్నెండు వారాల మాత్రలతో చాలావరకు పూర్తిగా పోతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం. అయితే సి మందులు మొదలుపెట్టే డాక్టరుకు మీకు బి ఉన్నట్టు తెలియాలి, ఒకదాన్ని తరిమేటప్పుడు రెండోది లేస్తుంది. కాలేయ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ, రక్తంలోని ప్లేట్‌లెట్లు, కడుపు స్కానింగ్‌ చూస్తే కాలేయం ఏ స్థితిలో ఉందో ఒక అంచనా వస్తుంది. ఎస్‌జీపీటీ మామూలుగా ఉందని కాలేయం బాగానే ఉందనుకోకూడదు. కాలేయం గట్టిపడిన ఛాయలు కనిపిస్తే ఆరు నెలలకోసారి స్కానింగ్‌ తప్పదు, బి ఉన్నవారిలో కాలేయ క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోవడానికి.

చేపలు. తినండమ్మా. మీ కాలేయానికి మాంసకృత్తులు కావాలి, చప్పిడి గంజి తాగి ఇరవై ఒక్క రోజులు నీరసించడం కాదు. నూనె మానక్కరలేదు, పసుపు మానక్కరలేదు, పసుపు తింటే కళ్ళు పచ్చబడతాయన్నది వట్టి మాట. నెత్తళ్ళు పులుసు పెట్టుకోండి, కోడిగుడ్డు తినండి. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ కాబట్టి, రక్తపోటు ఉన్నా, కాళ్ళలో నీరు చేరుతున్నా వాటి జోలికి వెళ్ళకండి. కల్లు, సారా ఒక్క చుక్క కూడా వద్దు. పసరు కోసం మీ అమ్మగారు మళ్ళీ పట్టుబడితే, తరువాతిసారి ఏఆర్‌టీ కేంద్రానికి ఆవిడను కూడా వెంట తీసుకువెళ్ళండి. ఎలాగూ ఆవిడకూ రక్తపరీక్ష చేయించాలి కదా.